టి-సెల్స్ ప్రోటీన్ ముక్కల్నే గుర్తుపడతాయంటారు, మరి జీడినూనె తగిలితే చర్మం ఎందుకు పొక్కుతుంది?

మీ ప్రశ్న చూడగానే నా మణికట్టు గుర్తొచ్చింది. మాది విశాఖే. భీమిలి దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో వేసవిలో జీడిపిక్కలు కాల్చి కొట్టుకు తినేవాళ్లం. మొదటి ఏడాది వేళ్లు నల్లబడి తోలు ఊడింది, అంతే. అది పిక్క పెంకులోని జీడినూనె ఘాటుకి కాలడం. మరుసటి వేసవి అదే పని చేస్తే ఆ రోజు ఏమీ కాలేదు. రెండో రోజు ఒకటే దురద, మూడో రోజుకి వాచీ బెల్టు కింద నీటి పొక్కులు. పిక్కలు తుడిచిన గుడ్డ అక్కడ తగిలింది. నేనేమో బీచ్ రోడ్డు ఉక్కకి చెమటకాయలనుకుని పౌడరు చల్లాను! స్కిన్ డాక్టరు మొదట అడిగిన మాట, ‘తగిలి ఎన్ని రోజులైంది?’

ఇది టి-సెల్స్ అనే రోగనిరోధక కణాల పని అని ఆ ఆలస్యమే పట్టిస్తుంది. రొయ్యలు పడనివాళ్లకి నిమిషాల్లో దద్దుర్లొస్తాయి, అది యాంటీబాడీల వ్యవహారం. టి-సెల్స్ అక్కడికి చేరి, పెరిగి, గొడవ మొదలెట్టడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. నా విషయంలో మొదటి వేసవిలోనే అవి ఆ నూనెని గుర్తుపెట్టుకున్నాయన్నమాట.

ఇక అసలు సంగతి. టి-సెల్ వంటింట్లోకి, అంటే కణం లోపలికి తొంగిచూడదు, కణం పైన విస్తట్లో వడ్డించిందే చూస్తుంది. యాంటీబాడీ అలా కాదు, వైరస్‌ని నేరుగా పట్టుకోగలదు. పైగా టి-సెల్‌కి ఆ విస్తరి కూడా తన ఒంటిదే అయ్యుండాలి. ఎలుకల్లో ఈ సంగతి తేల్చింది 1974లో జింకర్‌నాగెల్, డోహర్టీ అనే శాస్త్రవేత్తలు. 1996లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మీరు చదివింది ఈ విస్తరి గురించే, కణం పైనుండే ఎంహెచ్‌సి అనే ప్రోటీన్ అది. అందులో రెండు రకాలు. మొదటి రకంలో సుమారు 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్క పడుతుంది, దాన్ని సీడీ8 అనే రకం టి-సెల్స్ చూస్తాయి. రెండో రకంలో ఇంకాస్త పొడుగు ముక్క, అది సీడీ4 రకం టి-సెల్స్‌కి.

కానీ విస్తళ్లు ఇవే కాదు. కొవ్వు పదార్థాలకి సీడీ1 అని వేరే ఉంది. క్షయ క్రిమి గోడలోని మైకోలిక్ ఆమ్లాన్ని టి-సెల్స్‌కి చూపించేది అదే. బ్యాక్టీరియా బి2 విటమిన్ తయారుచేసుకునేటప్పుడు పుట్టే చిన్న అణువులకి ఎంఆర్1 ఉంది. నికెల్‌ది మరో దారి. ఆ లోహం ఎంహెచ్‌సికీ అందులోని ముక్కకీ అతుక్కుని, సొంత ముక్కనే పరాయిదానిలా కనిపించేలా చేస్తుంది.

జీడినూనెకి రెండు దారులుండొచ్చు. చర్మంలోని మన ప్రోటీన్లకి అంటుకుని వాటి రూపు మార్చడం ఒకటి. రెండోది నాకు భలే నచ్చింది. జీడినూనెకి దగ్గరి చుట్టం ఉరుషియోల్ అని ఉంది, పాయిజన్ ఐవీ మొక్కలో ఉండే జిడ్డు. చర్మ కణాలు దాన్ని సీడీ1లో ఒక రకమైన సీడీ1ఎ మీద నేరుగా పెట్టి చూపిస్తాయని 2016లో తేలింది. ప్రోటీన్ ముక్క అవసరమే లేదు.

మామిడి సొనలో ఉండేవీ ఈ కుటుంబపు పదార్థాలే. అందుకే ఆవకాయ రోజుల్లో కాయల దగ్గరికి నేను పోను. పని తప్పించుకోడానికి సైన్సు చెబుతున్నానని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.