యుద్ధకాలపు ఫోటోలో నవ్వు నిజమేనా?

ప్రశ్న: రెండవ ప్రపంచ యుద్ధం నాటి ఫోటోల సంకలనం ఒకటి ఈమధ్య చూశాను. పోలండులోని యూదుల ఘెట్టోలో (జర్మన్లు యూదులను బలవంతాన నిర్బంధించిన పేటలో) ఆకలికి చిక్కి శల్యమైన మనుషుల ఫోటోల పక్కనే పెళ్ళివేడుకలు, ఆడుకుంటున్న పిల్లలు, నవ్వుతూ నిలబడిన దంపతులు కనిపించారు. అంతటి కష్టంలో ఉన్నవాళ్ళు నవ్వగలరా? ఇవి ప్రచారం కోసం తీయించినవేమోనన్న అనుమానం కలిగింది. — ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం సహజమే. అయితే నవ్వు కనిపించినంత మాత్రాన ఫోటో అబద్ధమనీ, కన్నీరు కనిపించినంత మాత్రాన నిజమనీ తేల్చుకోలేము. కెమెరా ఎవరి చేతిలో ఉంది, వారిని అక్కడ నిలబడనిచ్చింది ఎవరు, తీసిన ఫోటో మొదట ఎవరి బల్ల మీదికి వెళ్ళింది అన్న సంగతులు తెలిస్తే ముఖాలలోని భావం దానంతటదే అర్థమవుతుంది.

మీరు చెప్పిన రకం ఫోటోలు పోలండులోని లోడ్జ్ నగరపు ఘెట్టోలో హెన్రిక్ రాస్ అనే ఫోటోగ్రాఫర్ తీసినవాటిలో చాలానే ఉన్నాయి. ఆయనా ఆ ఘెట్టోలో బందీ అయిన యూదుడే. జర్మన్ల అధీనంలో యూదులే నడిపిన అక్కడి పరిపాలనలోని గణాంక విభాగంలో గుర్తింపు కార్డులకూ, జర్మన్ల కోసం సరుకు తయారుచేసే కార్ఖానాలకూ ఫోటోలు తీయడం ఆయన ఉద్యోగం. పలువురిని ఒకే నెగటివ్‌పై తీసి, అలా మిగిల్చుకున్న ఫిల్ముతో, పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసే, గంజి కోసం గిన్నెలు పట్టుకున్న వాళ్ళనూ, మరణశిబిరాలకు తరలిస్తున్న వాళ్ళనూ చాటుగా తీశారు. 1944లో ఘెట్టోను ఖాళీ చేయిస్తున్నప్పుడు సుమారు 6,000 నెగటివ్‌లను పెట్టెలో పెట్టి నేలలో పాతిపెట్టారు. ప్రాణాలతో బయటపడి 1945లో తవ్వి తీసేసరికి దాదాపు సగం నీటి చెమ్మకు పాడైపోయాయి. మిగిలినవాటిలో కూడా కొన్నింటి అంచులు కరిగి, మనుషుల భుజాల దగ్గర తెల్లని మరకలుగా మారాయి.

వాటిలో నేను మరిచిపోలేని ఫోటో ఒకటుంది. ఒక చిన్న పిల్లవాడు ఘెట్టో పోలీసు (ఆ పరిపాలన కింద పనిచేసిన యూదు పోలీసు) దుస్తుల్లో, తలపై టోపీతో, ఇంకొక పిల్లవాడిని పట్టుకున్నట్టు ఆడుకుంటున్నాడు. అది ఎవరో బలవంతాన ఆడించిన ఆట కాదు. పిల్లలు తమ చుట్టూ చూసినదాన్నే ఆడతారు. పైగా అంత చక్కని దుస్తులు కుట్టించగలిగారంటే, పరిపాలనలో పలుకుబడి ఉండి కాస్త తిండి దొరికే కుటుంబం వారిది అయివుండాలి. అంటే ఆకలి కూడా అందరికీ సమానంగా పంచబడలేదన్నమాట. ఆ మాట చెప్పడం ఇబ్బందికరం కాబట్టే కాబోలు, ఇటువంటి ఫోటోలు దశాబ్దాలపాటు అంతగా బయటికి రాలేదు. నా ఉద్దేశంలో గంజి వరుసల కంటే ఇవే ఎక్కువ కలవరపెడతాయి.

దీనికి పూర్తి విరుద్ధమైనది వార్సా ఘెట్టోలో చేతులు పైకెత్తి నిలబడిన బాలుడి ఫోటో. 1943లో అక్కడి యూదుల తిరుగుబాటును అణచివేసిన ఎస్.ఎస్. (నాజీల సాయుధ దళం) అధికారి యుర్గెన్ స్ట్రూప్ తన విజయాన్ని పైవారికి చాటుకోవడానికి తయారుచేయించిన నివేదికలో అది ఉంది. దాని కింద జర్మన్‌లో రాసిన మాటలకు ‘బంకర్ల (నేలకింది దాగుడు చోట్ల) నుంచి బలవంతాన బయటికి లాగినవారు’ అని అర్థం. గొప్పగా చెప్పుకోవడానికి తీయించిన ఆ నివేదికనే తర్వాత నాజీ నాయకులపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో నేరానికి సాక్ష్యంగా ప్రవేశపెట్టారు. హంతకుల పక్షం కెమెరా కూడా నిజాన్ని పట్టుకోగలదు.

మీరు అన్న ‘తీయించిన’ ఫోటోలూ లేకపోలేదు. లండన్‌పై బాంబుదాడులు జరుగుతున్న 1940 అక్టోబరులో, శిథిలాల మీదుగా పాలసీసాల బుట్టతో నిబ్బరంగా నడిచివస్తున్న పాలవాడి ఫోటో లోకప్రసిద్ధమైంది. ఆ పాలవాడు ఫోటోగ్రాఫర్ సహాయకుడేననీ, తెల్లకోటు ఎరువు తెచ్చుకున్నదనీ చెబుతారు. వెనుక మంటలార్పుతున్న సిబ్బంది, కూలిన గోడలు మాత్రం అసలైనవే.

ప్రశ్న: పందొమ్మిదవ శతాబ్దపు యుద్ధ ఫోటోలలో గుడారాలు, ఖాళీ మైదానాలు, శవాలు తప్ప పోరాటం ఎందుకు కనిపించదు? — ఒక విద్యార్థి

జవాబు: ఆనాటి పద్ధతి అందుకు ఒప్పుకోదు. గాజుపలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే చీకటిలో కడగాలి. 1855లో క్రిమియా యుద్ధాన్ని ఫోటోలు తీయడానికి వెళ్ళిన బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ ఇందుకోసం ఒక బండినే చీకటిగదిగా మార్చుకున్నారు. కొన్ని సెకన్లపాటు కదలని వస్తువే పలకపై నిలుస్తుంది, అందుకే మృతులు స్పష్టంగా పడ్డారు. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఫోటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం ఒక సైనికుడి శవాన్ని మరోచోటికి మోసుకెళ్ళి, పక్కన తుపాకీ ఆనించి మళ్ళీ తీసిందని తర్వాతి పరిశోధకులు రుజువు చేశారు. చనిపోయినవాడు నిజం, చనిపోయిన చోటు కల్పితం.

ప్రశ్న: ఎదురుగా మనుషులు చనిపోతుంటే సాయం చేయకుండా ఫోటో తీయడం ఎలా సమర్థనీయం? — మరొక పాఠకుడు

జవాబు: కొన్నిసార్లు ఫోటోయే సాయమవుతుంది. 1943లో బెంగాల్‌లో జనం వీధుల్లో రాలిపోతున్నా ప్రభుత్వం కరువును ప్రకటించడానికి సిద్ధపడలేదు. ఆ ఆగస్టు 22న ‘స్టేట్స్‌మన్’ పత్రిక కలకత్తా వీధుల్లోని ఫోటోలను అచ్చువేసిన తర్వాత ఆ సంగతిని దాచడం కష్టమైంది. అయితే ప్రతి ఫోటోకూ ఈ సమర్థన వర్తించదని ఒప్పుకోవాలి.

హిరోషిమాలో స్థానిక పత్రిక ఫోటోగ్రాఫర్ యోషితో మత్సుషిగే అనుభవం మీ ప్రశ్నకు మరింత దగ్గరగా ఉంటుంది. 1945 ఆగస్టు 6న, బాంబు పడిన కొన్ని గంటలకు, ఆయన మియుకి వంతెన దగ్గరికి చేరుకున్నారు. కాలి, చర్మం ఊడి వేలాడుతున్నవారు అక్కడ గుమిగూడి ఉన్నారు. ఒకరు వారి గాయాలకు వంటనూనె రాస్తున్నారు. కెమెరా చేతిలో ఉన్నా చాలాసేపు మీట నొక్కలేకపోయాననీ, చివరికి నొక్కినప్పుడు కన్నీళ్ళకు వ్యూఫైండర్ మసకబారిందనీ ఆయన తర్వాత చెప్పారు. ఆ రోజంతా నగరంలో తిరిగినా ఆయన నుంచి మిగిలినవి 5 ఫోటోలే. వంతెన దగ్గర తీసినవాటిలో ఎక్కువమంది మనకు వీపులే చూపిస్తూ కనిపిస్తారు.