బ్యాక్టీరియా దగ్గర వైరస్ మందులు దొరుకుతాయా?

యాంటీబయాటిక్స్‌లాగే వైరస్‌ని ఆపే మందులు కూడా మట్టిలోని బ్యాక్టీరియా నుంచి దొరుకుతాయా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఇది పనికొస్తుందా అని అడిగారు. దొరుకుతాయి, ప్రాజెక్టుకీ బాగుంటుంది. బ్యాక్టీరియాకి కూడా ఫేజ్‌లనే వైరస్‌ల బెడద ఉంది కాబట్టి వాటినుంచి కాపాడుకునే మార్గాలు వాటికీ ఉన్నాయి.

ఎసైక్లోవిర్ అనే మందు రాకముందు హెర్పిస్ వైరస్ తెచ్చే మెదడువాపుకి వాడిన విడారబిన్‌నే తీసుకోండి. 1960లో ల్యాబ్‌లో తయారుచేశారు. అదే పదార్థాన్ని స్ట్రెప్టోమైసిస్ ఆంటిబయాటికస్ అనే మట్టి బ్యాక్టీరియా తనంతట తానే తయారుచేస్తుందని తర్వాత తేలింది. క్యాన్సర్‌కి వాడే డానోరుబిసిన్, డాక్సోరుబిసిన్ కూడా స్ట్రెప్టోమైసిస్ నుంచి వచ్చినవే. అవి ఫేజ్‌లని కూడా ఆపుతాయని 2018లో టొరంటో యూనివర్సిటీ వాళ్లు చూపించారు. ఫేజ్ తన డీఎన్ఏని కణంలోకి దింపాక, అది కాపీ అవకుండా అడ్డుపడతాయి. జన్యుపదార్థం డీఎన్ఏ కాక ఆర్‌ఎన్‌ఏ అయిన ఫేజ్‌ల మీద మాత్రం పనిచేయవు. ఈ తేడా ఒక్కటి చాలు, మందు ఎక్కడ దెబ్బకొడుతోందో ఊహించడానికి. నాకు చాలా ఇష్టమైన పేపర్ అది.

నా పీహెచ్‌డీ పని కూడా ఇలాంటిదే కాబట్టి చెబుతున్నా. మట్టిని బాగా ఆరబెట్టి, స్టార్చ్ కేసీన్ అగార్ (బ్యాక్టీరియాని పెంచే గట్టి మాధ్యమం) మీద వేయండి. స్ట్రెప్టోమైసిస్ కాలనీలు సుద్దపొడి చల్లినట్టుంటాయి, అగార్‌ని గట్టిగా పట్టుకుని లూప్ అనే తీగతో లేపితే ఒక పట్టాన రావు. మూత తీస్తే తొలకరి మట్టివాసన. ఎదగడానికి వారం పైనే పడుతుంది, తొందరపడి పారేయకండి.

అసలు తిప్పలు ప్లేక్ అస్సేలో. అందులో ఫేజ్ బ్యాక్టీరియాని చంపిన చోట పొరలో పడే ఖాళీ మచ్చలని, అంటే ప్లేకులని, చూస్తాం. మీ స్ట్రెప్టోమైసిస్ నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ (సారం) కలిపిన ప్లేటులో ప్లేకులు లేవంటే ఫేజ్ ఆగిందని అర్థం కాదు. ఎక్స్‌ట్రాక్ట్ ఫేజ్ పెరగాల్సిన ఈ.కోలై బ్యాక్టీరియానే చంపేసినా, దాని ఎదుగుదలని మందగించినా ప్లేకులు రావు. కాబట్టి ఫేజ్ లేకుండా అదే ఎక్స్‌ట్రాక్ట్‌తో ఇంకో ప్లేటు తప్పనిసరి. అందులో లాన్ (బ్యాక్టీరియా పొర) మామూలుగా దట్టంగా పరుచుకుంటేనే ముందుకెళ్లండి. మిథనాల్‌లో కరిగించి ఉంటే ఉత్త మిథనాల్‌తో కూడా ఒకటి పెట్టాలి. తర్వాత ఫేజ్‌ని ఎక్స్‌ట్రాక్ట్‌లో కాసేపు ఉంచి, బాగా డైల్యూట్ చేసి ప్లేట్ చేయండి. అప్పుడు ప్లేకులు మామూలుగా వస్తే ఎక్స్‌ట్రాక్ట్ ఫేజ్ రేణువుని నేరుగా పాడుచేయడం లేదు, ఫేజ్ బ్యాక్టీరియాని పట్టుకునేటప్పుడో దాని లోపలో పని చేస్తోందని అనుకోవచ్చు.

మనుషుల వైరస్‌ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. వాటికి సెల్ కల్చర్, బయోసేఫ్టీ ల్యాబ్ కావాలి, పైగా ఎక్స్‌ట్రాక్ట్ కణాలకే విషమో కాదో విడిగా తేల్చాలి. హాని చేయని ఈ.కోలై స్ట్రెయిన్, దాని ఫేజ్‌లు అయితే మామూలు కాలేజీ ల్యాబ్‌లో చేసుకోవచ్చు. డీఎన్ఏ ఫేజ్ ఒకటి, ఆర్‌ఎన్‌ఏ ఫేజ్ ఒకటి పక్కపక్కన పెట్టి మొదలుపెట్టండి.