సింధూ, అబ్బాయి వీసా కాగితాలు మొదలుపెట్టే ముందు

చి. సింధుకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, "ఫిబ్రవరిలో సింధుకి, కార్తీక్‌కి రిజిస్టర్ మ్యారేజ్ చేసేసి అబ్బాయి అమెరికా వీసాకి వేసేస్తాం, పెళ్ళి శ్రావణంలో పెట్టుకుంటాం, ఆరు నెలలు కలిసొస్తాయి కదక్కా" అంది. కలిసొస్తాయా, మెడకి చుట్టుకుంటాయా అన్నది మీరు చేసే పద్ధతిని బట్టి ఉంటుంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. అమెరికాకి తెచ్చుకోవడానికి మీ పెదనాన్నకి నేనే పిటిషన్, అంటే దరఖాస్తు, వేశాను. ఆ తర్వాత డాలస్‌లో తెలిసినవాళ్ళ పిల్లలు చాలామంది మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫారాలు నింపుకున్నారు. వాళ్ళ దగ్గర చూసినవే చెబుతున్నా.

ముందు ఆ రిజిస్ట్రేషన్ సంగతి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెడితే పెళ్ళయిపోయినట్టే అని మనవాళ్ళు అనుకుంటారు. హిందూ వివాహ చట్టం కింద అది నిజం కాదు. ఆ చట్టంలో ముందు పెళ్ళి జరగాలి, జరిగిన పెళ్ళినే రిజిస్టర్ చేస్తారు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు పైలట్ల కేసులో ఈ మాటే తేల్చి చెప్పింది. తంతు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో హిందూ వివాహం అయినట్టు కాదంది. వీసాల కోసం ముందే రిజిస్టర్ చేయించుకునే అలవాటు గురించి కూడా ఆ తీర్పులో మాట్లాడింది. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద అయితే తంతు అక్కర్లేదు. కానీ నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి, నీ సెలవుకి అది కుదరదు.

కాబట్టి ఫిబ్రవరిలో గుడిలోనో ఇంట్లోనో మీ రెండు కుటుంబాల ముందు జీలకర్రా బెల్లం, మాంగల్యం, సప్తపది అన్నీ జరిపించుకోండి. పురోహితుణ్ణి పిలవండి, ఫొటోలు తీయించండి, ఆ తర్వాతే రిజిస్టర్ చేయించండి. శ్రావణంలో మీ అత్తగారు వెయ్యిమందికి భోజనాలు పెడతారో, ఇంకేం చేస్తారో అది మీ ఇష్టం. చట్టం దృష్టిలో మాత్రం పెళ్ళి తేదీ ఫిబ్రవరిదే. ప్రతి ఫారంలోనూ ఆ తేదీయే రాయాలి. శ్రావణం శుభలేఖ మీద వేరే తేదీ ఉంటుంది కనుక, మొదట క్లుప్తంగా పెళ్ళి జరిగింది, తర్వాత బంధువులందరి ముందు వేడుక చేశారు అని సంతకం పెట్టిన ఒక పేజీ ఉత్తరం జత చేయి. ఆఫీసర్ అడిగేదాకా ఆగొద్దు. పెళ్ళి ఎందుకు రెండుసార్లు అయిందో మనకి చెప్పక్కర్లేదు, వాళ్ళకి చెప్పాలి.

ఫిబ్రవరి పెళ్ళికి ఇంకో ముడి కూడా ఉంది. డిసెంబర్ 31 నాటికి పెళ్ళయి ఉంటే, ఆ ఏడాది టాక్స్ రిటర్న్‌లో నువ్వు "సింగిల్" అని పెట్టకూడదు. భర్త ఇండియాలో ఉన్నాడు కదా, ఇంకా కాపురం మొదలవలేదు కదా అని చాలామంది అలవాటుగా సింగిల్ కొట్టేస్తారు. తర్వాత అదే టాక్స్ కాగితం వీసా ఫైల్లోకి వెళ్తుంది. పెళ్ళయిందని ఒక ఫారం, కాలేదని ఇంకో ఫారం, రెండిటి మీదా నీ సంతకమే! ఎలా ఫైల్ చేస్తే లాభమో సి.పి.ఏ.ని (టాక్స్ చూసే అకౌంటెంట్‌ని) అడుగు, కానీ సింగిల్ అన్నది మాత్రం జాబితాలోంచి తీసెయ్.

ఇక పేర్లు. తెలుగువాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటాయి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, ఆధార్‌లో చివర, బ్యాంకులో అసలు లేదు. శుభలేఖ మీద "చి.ల.సౌ. లక్ష్మీ నాగ సాయి సింధు" అని వేస్తారు, నీ అమెరికా సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌లో మాత్రం ఉత్త సింధు. కార్తీక్ పాస్‌పోర్ట్ ముందు తెప్పించి చూడు. అందులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే, అమెరికా వీసా మీద పేరు స్థానంలో ఎఫ్.ఎన్.యు. (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఇక్కడికొచ్చాక సోషల్ సెక్యూరిటీ, లైసెన్స్, బ్యాంకు, అన్నిచోట్లా దానితో తంటా. పాస్‌పోర్ట్ ఇప్పుడే మార్పించి ఇంటిపేరు, పేరు విడదీయిస్తే పోతుంది. పిటిషన్ వేశాక మారిస్తే రెండు చోట్లా వివరణలు రాసుకోవాలి.

నువ్వు ఇంటిపేరు మార్చుకుంటావా లేదా అన్నది నీ ఇష్టం, మార్చుకోకపోతే వీసాకి నష్టమేమీ లేదు. మీ అత్తగారు గట్టిగా అడిగినా కనీసం అబ్బాయి ఇక్కడికి వచ్చేదాకా ఆగమను.

కార్తీక్ జనన ధృవీకరణ పత్రంలో పిల్లాడి పేరు గడి ఖాళీగా ఉందని విన్నాను. ఆ రోజుల్లో పేరు పెట్టకముందే ఆసుపత్రివాళ్ళు నమోదు చేయించేవాళ్ళు, అందుకని చాలామందికి అలాగే ఉంటుంది. మీసేవలో పేరు చేర్పించుకునే వీలుంది, మున్సిపాలిటీ వాళ్ళు చేస్తారు. అసలు నమోదే లేనివాళ్ళయితే, లేదని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం, టెన్త్ మెమో, పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు కలిపి పెడతారు. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా ఇంగ్లీషు అనువాదం, దాని కింద "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన అనువాదం" అని అనువదించినవాళ్ళ సంతకం ఉండాలి. దీనికి వేలు తీసుకునేవాళ్ళున్నారు. రెండు భాషలూ బాగా వచ్చిన స్నేహితురాలితో చేయించినా సరిపోతుంది, నువ్వు మాత్రం చేయకు.

అసలు పని ఇలా నడుస్తుంది. నువ్వు యు.ఎస్.సి.ఐ.ఎస్. (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లో ఐ-130, అంటే భర్త కోసం వేసే పిటిషన్, వేస్తావు, కార్తీక్ వివరాలతో ఐ-130ఏ జత చేస్తావు. 2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. అది ఆమోదం పొందాక ఫైల్ నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ 325, 120 డాలర్ల ఫీజులు కట్టి, డి.ఎస్-260 (వీసా దరఖాస్తు ఫారం) నింపి, కాగితాలు అప్‌లోడ్ చేయాలి. కట్టేముందు ఒకసారి సైట్‌లో చూసుకో, ఫీజులు మారుతుంటాయి. ఆ సెంటర్ నుంచి వచ్చే ఈమెయిల్స్ స్పామ్‌లో పడతాయి. ఏడాదిపాటు వాళ్ళకి జవాబివ్వకపోతే కేసు రద్దయ్యే ప్రమాదం ఉంది, అందుకని నెలకోసారైనా లాగిన్ అయి చూడు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ ఆఫీసులో ఇస్తారు. కార్తీక్ దుబాయ్‌లో రెండేళ్ళు పనిచేశాడు కనుక అక్కడిది కూడా కావాలి, దానికి టైమ్ పడుతుంది, ముందే మొదలుపెట్టమను.

నువ్వు సిటిజన్‌వి కాబట్టి సంవత్సరానికి ఇంతమందే అన్న కోటా మీకు లేదు. మీ అన్నయ్యకి గ్రీన్ కార్డే కనుక, వాడు పెళ్ళి చేసుకుంటే కోటా ఉన్న వరుసలో నిలబడాలి. ఆ లోపు వాడికి సిటిజన్‌షిప్ వస్తే ఆ పిటిషన్ మీ వరుసలోకి మారుతుంది, కొత్తది వేయక్కర్లేదు. ఈ సంగతి వాడికి చెప్పు, నేను చెబితే వినడు.

కోటా లేకపోయినా నిరీక్షణ తప్పదు. వేసినప్పటి నుంచి వీసా చేతికి వచ్చేసరికి ఏడాది దాటుతుందనుకునే సిద్ధపడు. కొత్త పెళ్ళికూతురికి ఒక్క నెల ఆషాఢమే కష్టం, ఇది పన్నెండు నెలల ఆషాఢం. మధ్యలో అటువైపు బంధువులు "అల్లుడు ఇంకా ఇక్కడే ఉన్నాడేం?" అని అడుగుతూనే ఉంటారు. మీ మామగారికి ముందే నిజం చెప్పు, "మూడు నెలల్లో వచ్చేస్తాడు" అని మాత్రం అనకు. అబ్బాయి ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా చేయొద్దని కూడా చెప్పు, వీసా పాస్‌పోర్ట్‌లో పడ్డాక ఆలోచించవచ్చు.

ఈ టెన్షన్ తట్టుకోలేకనే కొందరు, "విజిటర్ వీసా మీద తెచ్చేసి ఇక్కడే మార్చుకుందాం" అంటారు. పెళ్ళి పిటిషన్ పెండింగ్‌లో ఉన్నవాడికి విజిటర్ వీసా రావడమే కష్టం. వచ్చినా, ఉండిపోదామని వస్తూ ఎయిర్‌పోర్ట్‌లో "రెండు వారాలు చూసి వెళ్ళిపోతా" అంటే అది అబద్ధం. అబద్ధం చెప్పి వచ్చాడని తేలితే జీవితాంతం నిషేధం పడుతుంది. దూరం భరించలేకపోతే నువ్వే సెలవు పెట్టి వెళ్ళిరా. నువ్వు వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఫైల్‌కి బలమే.

ఫైల్లో బలం అంటే మీ కాపురం నిజమని చూపించే కాగితాలు. వెయ్యి ఫొటోల ఆల్బమ్ పంపకు, ఎవరూ చూడరు. నిశ్చితార్థం, తలంబ్రాలు, ఇరువైపుల తల్లిదండ్రులతో, తర్వాత నువ్వు వెళ్ళినప్పుడు ఇద్దరూ తిరిగిన చోట్ల, ఇలా వేరువేరు రోజులవి ఎంచుకుని కింద తేదీ, ఊరు, ఉన్నవాళ్ళ పేర్లు రాయి. ముంబైలో వీసా ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్లు మన పెళ్ళిళ్ళు చూసి చూసి ఉన్నారు. కుటుంబం కనపడని పెళ్ళి ఫొటోలు వాళ్ళకి అనుమానం తెప్పిస్తాయి. ఫొటోల కంటే డబ్బు కాగితాలు గట్టివి. ఆఫీసులో నీ లైఫ్ ఇన్సూరెన్స్‌కి, రిటైర్‌మెంట్ అకౌంట్‌కి లబ్ధిదారుగా అతని పేరు పెట్టు, విమాన టికెట్లు దాచు, ఒకరికొకరు పంపుకున్న డబ్బు రికార్డులు ఉంచు. వాట్సాప్ కాల్స్ లిస్ట్ చాలు. మీ ముచ్చట్లన్నీ ప్రింట్ తీసి ఎవరికీ చూపించక్కర్లేదు, సిగ్గుచేటు!

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఐ-864, ఆర్థిక హామీ పత్రం. అందరూ దాన్ని ఆదాయం చూపించే ఫారం అనుకుని సంతకం పెట్టేస్తారు. అది ప్రభుత్వంతో నువ్వు చేసుకునే ఒప్పందం. పేదరిక రేఖకి 125 శాతం ఆదాయం చూపించాలి. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి అది 26,437 డాలర్లు. పోయినేడు నువ్వు చదువుకుంటున్నావు కనుక టాక్స్ రిటర్న్‌లో అంత కనపడదు, ఫరవాలేదు. ఇప్పటి ఉద్యోగం లెటర్, ఈమధ్య పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) పెట్టు, ముఖ్యంగా చూసేది ప్రస్తుత ఆదాయమే. మీ మామగారి పొలం చూపించొచ్చా అని మీ నాన్న అడిగాడు. అది నీ పేరునా లేదు, కార్తీక్ పేరునా లేదు, ఆ ఆశ వదులుకోమను.

ఒకవేళ సరిపోక మీ బాబాయిని జాయింట్ స్పాన్సర్‌గా, అంటే నీతోపాటు హామీ ఇచ్చేవాడిగా, అడగాల్సి వస్తే, ఫారం ముందు పెట్టి "ఇక్కడ సంతకం బాబాయ్" అనకు. ఆ బాధ్యత కార్తీక్ సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ళ) పని అతని ఖాతాలో చేరేదాకానో ఉంటుంది. అతను దేశం వదిలి వెళ్ళిపోయినా, చనిపోయినా తీరుతుంది. విడాకులైతే మాత్రం తీరదు. ఈ మాట చెప్పడం అశుభం అని మీ అమ్మ కోప్పడుతుంది. కోప్పడనీ. సంతకం పెట్టేవాళ్ళకి ముందే తెలియాలి, నువ్వు పెట్టే సంతకానికీ ఇదే లెక్క.

ఇంటర్వ్యూ ముంబైలో. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు ఉండవు. మెడికల్ పరీక్ష కాన్సులేట్ జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి, టీకాల రికార్డు వెంట తీసుకెళ్ళమను. నువ్వు వెళ్ళక్కర్లేదు. సంబంధం ఎవరు తెచ్చారు, నీ ఉద్యోగం ఏమిటి, పెళ్ళి ఎక్కడ జరిగింది, రెండు తేదీలెందుకు, ఇలాంటివి అడుగుతారు. ఏజెంట్లు జవాబులు బట్టీ పట్టిస్తారు, అలాంటి కోచింగ్‌కి పంపకు. తెలియనిదానికి "తెలియదు సార్" అంటే తప్పేమీ లేదు. ఫొటోలు, కాగితాలు "తయారు చేసి పెడతాం" అనేవాణ్ణి గుమ్మంలోకి కూడా రానివ్వకు. సలహా కావాలంటే లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ లాయర్‌ని గంటకి ఫీజు కట్టి అడుగు. మీది సాదా కేసు, అంతకు మించి లాయర్ అక్కర్లేదని నా అభిప్రాయం. అతనికి పాత కేసులు, ఇదివరకటి వీసా తిరస్కరణ లాంటివి ఉంటే మాత్రం ఈ మాట లెక్కలోకి తీసుకోకు.

వీసా వచ్చాక 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు కట్టాలి, విమానం ఎక్కేలోపే కట్టేస్తే గ్రీన్ కార్డు ఆలస్యం కాదు. అతను దిగే రోజుకి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే కార్డు రెండేళ్ళకే ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి, ఆ రెండేళ్ళ షరతు తీసేయమని అడిగే ఐ-751 ఫారం వేయాలి. ఆ తేదీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.

ఫిబ్రవరి టికెట్ కొనేలోపు కార్తీక్ పాస్‌పోర్ట్, జనన పత్రం, టెన్త్ మెమో, నీ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ ఫొటోలు తీసి నాకు పంపు. నాలుగింటిలో పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తాను. శుభలేఖ ప్రూఫ్ కూడా అచ్చుకి ఇచ్చేముందు పంపమని మీ అమ్మకి చెప్పు.

మీ పెద్దమ్మ