మీ భార్య పేరున ఉన్న పన్ను మినహాయింపు ఎవరికీ అందకుండా పోతోందా?

ప్రశ్న: 2023 జూలైలో మేమిద్దరం బ్రిటన్‌లోని రెడింగ్ వచ్చాం. మా వారి జీతం ఏడాదికి 44,000 పౌండ్లు. నాది డిపెండెంట్ వీసా. పాప చిన్నది, ఉద్యోగం చేయడం లేదు. భార్యాభర్తలకు పన్ను తగ్గింపు ఉందని ఒకరు చెప్పారు. తీసుకుంటే వీసా పొడిగింపు దగ్గర చిక్కు వస్తుందని మరొకరు భయపెట్టారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: అమ్మా, తగ్గింపు ఉంది. దాని పేరు మ్యారేజ్ అలవెన్సు. దానివల్ల వీసాకు ఏ చిక్కూ రాదు. ముందు ఆ భయం సంగతి చెబుతాను. అర్హత ఉండి కూడా అడగని తెలుగు కుటుంబాలను నేను చాలా చూశాను, ఎక్కువ మందిని ఆపింది ఈ భయమే.

మీ వీసాకు ప్రభుత్వ నిధులు తీసుకోకూడదనే షరతు ఉంటుంది. ఆ నిధులంటే ఏవో ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో పేరుపేరునా రాసి ఉంది. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, చైల్డ్ బెనిఫిట్ వంటివి అందులో ఉన్నాయి. మ్యారేజ్ అలవెన్సు అందులో లేదు. అది ప్రభుత్వం చేసే సాయం కాదు, మీ వారు కట్టే పన్నులోనే ఒక తగ్గింపు. అయితే పాప పేరున చైల్డ్ బెనిఫిట్ మాత్రం అడగకండి. అది ఆ జాబితాలో ఉన్నదే. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం వల్లే మీకు ఆ తప్పుడు సలహా వచ్చి ఉంటుంది.

ఇక అసలు లెక్క. అమెరికాలో ఉన్న మన బంధువులు భార్యాభర్తలిద్దరూ కలిసి ఒకే రిటర్ను వేస్తారు కదా, ఇక్కడ అలా కుదరదు. 1990 ఏప్రిల్ దాకా బ్రిటన్‌లో భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో కలిపి చూసేవారు. ఆ తరువాత ఎవరి పన్ను వారిదే అయింది. ఏడాదికి 12,570 పౌండ్ల వరకు పన్ను లేని ఆదాయం (పర్సనల్ అలవెన్సు) మీ వారికి ఎలా ఉందో మీకూ అలాగే ఉంది. మీకు సంపాదన లేదు కాబట్టి మీ వంతు మొత్తం వాడకుండానే పన్ను సంవత్సరం ముగిసే ఏప్రిల్ 5 దాటిపోతోంది. అందులో కొంత భర్తకు బదలాయించుకునే వీలు 2015 ఏప్రిల్ నుంచి ఉంది, ఇప్పుడది 1,260 పౌండ్లు. దాని మీద 20 శాతం, అంటే 252 పౌండ్లు, మీ వారి పన్నులో తగ్గుతుంది. నెలకు 21 పౌండ్లు. పెద్ద మొత్తం కాదు. కానీ ఒక్క జీతం మీద ఇంటి అద్దె, కౌన్సిల్ టాక్స్ కట్టుకుంటూ వీసా ఖర్చులకు కూడబెట్టే ఇంట్లో ఆ డబ్బు విలువ ఎంతో నాకు తెలుసు.

దరఖాస్తు మీరు చేయాలి, మీ వారు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. జీతం ఆయనది, పన్ను ఆయనది, కాబట్టి ఆయనే నింపాలనుకుంటారు. వదులుకుంటున్న మినహాయింపు మీది. అందుకే మీ పేరున, మీ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో (పన్ను, ప్రభుత్వ బీమా లెక్కలకు ఒక్కొక్కరికీ ఇచ్చే నంబరు) మొదలవ్వాలి. ఇంట్లో ఉండే మన ఆడవాళ్లు చాలామంది ఆ నంబరు ఇంకా తీసుకోరు. మీకు పని చేసే హక్కు ఉంది కాబట్టి, ఉద్యోగం దొరకకపోయినా, వెతుకుతున్నప్పుడే దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము లేదు. నంబరు వచ్చాక ప్రభుత్వ వెబ్‌సైటులో మ్యారేజ్ అలవెన్సుకు దరఖాస్తు చేయడానికి ఎక్కువ సమయం పట్టదు. గుర్తింపు రుజువుల దగ్గర ఆన్‌లైన్‌లో ఆగిపోతే పోస్టులో పంపే ఫారం ఉంది, దాని పేరు ఎంఏటీసీఎఫ్.

మధ్యలో ఎవరికీ రుసుము ఇవ్వకండి. ఇది నాకు జరిగింది కాబట్టే గట్టిగా చెబుతున్నాను. 2019లో నాకు ఈ సంగతి తెలిసేసరికి ఇద్దరు పిల్లలతో ఇంట్లోనే ఉన్నాను. అప్పటికి గడిచిన నాలుగేళ్ల బాకీ 212, 220, 230, 238 పౌండ్ల చొప్పున 900 రావాలి. మేమే రాబడతామని ఒక సంస్థ ముందుకొస్తే సంతకం పెట్టాను. చేతికి వచ్చేసరికి అందులో మంచి వాటా వారిదైంది. వారు చేసిన పని నేను ఒక సాయంత్రం కూర్చుని చేసుకోగలిగినదే. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మీరు కూడా వెనక్కి వెళ్లి అడగవచ్చు. ఏ పన్ను సంవత్సరానికైనా అది ముగిశాక నాలుగేళ్ల గడువు ఉంటుంది. మీరు 2023 జూలైలో వచ్చి ఇక్కడే ఉండిపోయారు కాబట్టి 2023-24 కూడా మీకు లెక్కలోకి వస్తుంది. ఏడాది మధ్యలో వచ్చామని మినహాయింపును నెలల లెక్కన కోయరు. ఆ సంవత్సరానికి చివరి తేదీ 2028 ఏప్రిల్ 5. అప్పటిదాకా ఆగాలని కాదు, ఇప్పుడే అడగండి.

తీసుకునే వ్యక్తి 20 శాతం పన్ను పరిధిలోనే ఉండాలి. అంటే ఇంగ్లండ్‌లో ఆదాయం 50,270 దాటకూడదు. స్కాట్లండ్‌లో హద్దు 43,662. ఇదే జీతంతో మీరు ఎడిన్‌బరోలో ఉంటే ఇది దక్కేది కాదు. మీ వారి జీతం పెరిగి 51,000 అయిందనుకోండి, వెంటనే ఆశ వదులుకోవద్దు. పెన్షన్‌లో ఆయన వేసే సొమ్ము వల్ల 40 శాతం పన్ను పడకుండా ఉంటే అర్హత నిలుస్తుంది.

మన వాళ్లు సాధారణంగా మరిచిపోయేది ఇండియా ఆదాయం. ఇక్కడ నివాసి అయ్యాక మీ పేరున హైదరాబాదులో వచ్చే ఇంటి అద్దె, ఎన్ఆర్ఓ (ప్రవాసులకు ఇండియాలో వచ్చే ఆదాయం జమయ్యే ఖాతా) డిపాజిట్ వడ్డీ మీ ఆదాయంలో చేరతాయి. ఇండియాలో పన్ను లేని ఎన్ఆర్ఈ (ప్రవాసులు విదేశాల నుంచి పంపే డబ్బు దాచే ఖాతా) వడ్డీ కూడా, పుట్టింటివారు రాసిచ్చిన పొలం మీద కౌలు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తాయి. అన్నీ కలిపి 11,310 పౌండ్ల (12,570లో 1,260 పోగా మిగిలేది) లోపు ఉంటే లాభం పూర్తిగా దక్కుతుంది. కొత్తగా వచ్చినవారికి మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద పన్ను లేకుండా 2025 ఏప్రిల్ నుంచి ఒక వెసులుబాటు ఉంది. దాన్ని కోరుకుంటే మాత్రం ఆ ఏడాది పర్సనల్ అలవెన్సే పోతుంది, ఇక బదలాయించడానికి ఏమీ మిగలదు. కొద్దిపాటి అద్దె వచ్చేవారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మంజూరయ్యాక మీ వారి టాక్స్ కోడ్ (జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే గుర్తు) చివర ‘ఎల్’ పోయి ‘ఎం’ వస్తుంది. పే స్లిప్ తీసి చూసుకోండి. ఆ తరువాత ఏటా దానంతట అదే కొనసాగుతుంది, మళ్లీ అడగనక్కరలేదు. రేపు పాప నర్సరీకి వెళ్లి మీరు ఉద్యోగంలో చేరితే మీ కోడ్ చివర ‘ఎన్’ ఉంటుంది, మీ పన్ను లేని హద్దు 11,310కి తగ్గి ఉంటుంది. ఏడాదికి 12,000 సంపాదిస్తే మీరు 138 పౌండ్లు కడతారు, ఆయనకు 252 మిగులుతాయి. ఇంటికి ఇంకా 114 లాభమే. మీ సంపాదన 12,570 దాటుతుందని తేలాక ఆన్‌లైన్‌లో మీరే రద్దు చేయండి. అది కూడా మీరే చేయాలి, ఆయన కాదు.