సమాధానం: అండాశయాలు తీసేస్తే ఎల్‌హెచ్ ఎందుకు పెరిగింది?

ఈడుకు రాని ఆడ గొర్రెపిల్లకు అండాశయాలు తీసేస్తే ఎల్‌హెచ్ (అండాశయాన్ని పనిచేయించే పిట్యుటరీ గ్రంథి హార్మోన్) పెరిగింది కాబట్టి, ఈడు రాకుండా అడ్డుపడేది అండాశయమేనా అని అడిగారు. కాదండీ, అడ్డు మెదడులో ఉంది. ఆ వయసులో మెదడులోని హైపోథాలమస్ అనే భాగం ఈస్ట్రోజెన్‌కు చాలా సున్నితంగా ఉంటుంది. అండాశయం విడిచే కాస్తంత ఎస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్‌కే జీఎన్‌ఆర్‌హెచ్ (పిట్యుటరీ చేత ఎల్‌హెచ్‌ను విడుదల చేయించే మెదడు హార్మోన్) పల్స్‌లు, అంటే విడతలవారీ విడుదలలు, బాగా తగ్గిపోతాయి. అండాశయాలు తీసేస్తే ఆ అణచివేత పోయి ఎల్‌హెచ్ పెరుగుతుంది. పిట్యుటరీ, అండాశయం మాత్రం ముందే సిద్ధం. గంటకోసారి ఎల్‌హెచ్ ఇంజెక్షన్ ఇస్తే అండం కూడా విడుదలవుతుంది.

అండాశయాలు తీసిన పిల్లకు చర్మం కింద ఎస్ట్రడయోల్ క్యాప్సూల్ పెట్టిన ప్రయోగం చూడండి. ఎల్‌హెచ్ అడుక్కి పడిపోతుంది. నెలలు గడిచినా క్యాప్సూల్ అదే, మోతాదు అదే. అయినా 30 వారాల వయసు ప్రాంతంలో ఎల్‌హెచ్ దానంతట అదే లేస్తుంది. అంటే మారింది మెదడే! ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే.

జీఎన్‌ఆర్‌హెచ్‌ను విడిచే మెదడు కణాల్లో ఈస్ట్రోజెన్‌ను పసిగట్టే ఆల్ఫా గ్రాహకాలు దాదాపు ఉండవు. ఈస్ట్రోజెన్ కబురును వాటికి చేర్చే పనిలో కిస్‌పెప్టిన్ న్యూరాన్లది (కిస్‌పెప్టిన్ అనే పదార్థాన్ని విడిచే నాడీకణాలది) పెద్ద పాత్ర. మేత చాలక పిల్ల ఎదగకపోతే పల్స్‌లు పెరగడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఒక్క రక్త నమూనా చూసి తేల్చకండి. 10 నిమిషాలకోసారి, కొన్ని గంటలపాటు తీస్తేనే పల్స్‌లు కనబడతాయి.