సుధకి, సూపర్‌చార్జర్ విషయమై

సుధా,

కారుకి, ఇంజిన్‌లోకి గాలిని నెట్టి పవరు పెంచే సూపర్‌చార్జర్ పెట్టిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "అన్నయ్యా, నువ్వైనా దానికి చెప్పు" అంది. మానేయమని చెప్పాలో, జాగ్రత్తగా చేయించుకోమని చెప్పాలో అదీ తేల్చుకోలేదు. మీ నాన్న ఏమంటున్నాడని అడిగితే, పేపరు చదువుకుంటున్నాడంది. బావ ఎందుకు నోరు మెదపడం లేదో నాకు తెలుసు. అది తర్వాత చెబుతా.

విన్న వెంటనే భలే సంతోషమేసింది. రాత్రయ్యేసరికి టెన్షన్ మొదలైంది. షెడ్డులో పెట్టుకుని సెలవు రోజున తీసే కారైతే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. నువ్వు రోజూ ఉద్యోగానికి వెళ్లేదీ వచ్చేదీ అందులోనే కదా.

చిన్న సంగతులు ముందు. ఇలాంటి మార్పు చట్టం ఒప్పుకుంటుందో లేదో కిట్ కొనకముందే కనుక్కో, ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పు. బ్రేకులూ టైర్లూ మంచివి ఉండాలి. క్లచ్ ఇప్పటికే జారుతుంటే ముందు అది మార్చు. ఇవన్నీ నీకు తెలిసినవే.

కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ మాత్రం తప్పకుండా చేయించు. సిలిండర్లు ఒత్తిడిని ఎంత నిలుపుతున్నాయో, ఎంత కారుస్తున్నాయో అవి చెబుతాయి. అరిగిన ఇంజిన్‌కి బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, ఇస్తే దాని ఆయుష్షు ఇంకా తగ్గిపోతుంది. "కారు బాగానే నడుస్తోంది మామయ్యా" అంటే నేను ఒప్పుకోను. నాకు అంకెలు కావాలి.

ఇక అసలు సంగతి. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌన్లు. సూపర్‌చార్జర్ దాని మీద ఇంకో 6 పీఎస్‌ఐ తోసిందంటే, కాగితం మీద లెక్కకి 40 శాతం ఎక్కువ గాలి. నొక్కినకొద్దీ గాలి వేడెక్కుతుంది, బెల్టు తిప్పడానికి ఇంజిన్ పవరే కొంత పోతుంది, కాబట్టి చేతికి అంత రాదు. అయినా గాలి పెరిగినంత మేర పెట్రోలూ పెరగాలి. నా భయమంతా అక్కడే.

మీ నాన్న కథ చెబుతా. నీకు చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు బావకి కూడా రెండు డోర్ల స్పోర్ట్స్ కారు ఉండేది. 6 పీఎస్‌ఐ కిట్ మా వర్క్‌షాపులోనే బిగించాం. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చాం, కొత్త గాలికి తగ్గట్టు పెట్రోలూ స్పార్కూ సరిచేసి ట్యూన్ చేశాం. ఏడాదిపాటు ఏ గొడవా లేకుండా తిరిగింది. ఏడాదయ్యేసరికి ఆ పవరు బావకి ఆనలేదు. ఇందులో వచ్చే జబ్బే అది. నాకు చెప్పకుండా ఇంకోచోట సూపర్‌చార్జర్‌కి చిన్న పుల్లీ, అదే బెల్టు తిరిగే చక్రం, వేయించుకున్నాడు. పుల్లీ చిన్నదైతే సూపర్‌చార్జర్ ఇంకా వేగంగా తిరుగుతుంది, బూస్ట్ పెరుగుతుంది. గంట రెండు గంటల్లో అయిపోయే పని. ట్యూన్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. పెట్రోలు పంపు చూస్తే కారుతో వచ్చిన పాతదే.

తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఏ తేడా తెలియలేదు. పైన ఫుల్ త్రాటిల్‌లో మాత్రం పంపు అందించలేకపోయింది. మామూలుగా బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి. బూస్ట్‌లో ఉన్నప్పుడు 11.5, 12 దగ్గర ఉంచుతాం, ఆ ఎక్కువ పెట్రోలు లోపలి వేడిని కాస్త లాగేస్తుందని. బావ కారులో పైకి వెళ్లేకొద్దీ పెట్రోలు పాలు తగ్గిపోయింది. వేడి పెరిగి, స్పార్కు పుట్టించిన మంట చేరకముందే మూలన మిగిలిన మిశ్రమం దానంతట అదే పేలడం మొదలుపెట్టింది. నాకింగ్ అంటామే, అదే. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. బావ విన్నాడు. విని, ఏదో హీట్ షీల్డ్ వదులైందనుకుని పాటల సౌండు పెంచాడు!

కొన్నాళ్లకి ఆయిల్ తగ్గడం, ఐడిల్‌లో వణకడం. అప్పుడు తెచ్చాడు నా దగ్గరికి. ప్లగ్గులు విప్పాను. మూడో సిలిండర్ ప్లగ్గు పింగాణీ మీద సన్నటి బూడిదరంగు చుక్కలు. అది పిస్టన్ నుంచి ఊడొచ్చిన అల్యూమినియం. ఇంజిన్ విప్పితే రింగుల మధ్య పిస్టన్ అంచు విరిగి ఉంది, సిలిండర్ గోడ నిండా గీతలు. నేను తిట్టడానికి నోరు తెరిచాను గానీ, బావ ఆ ప్లగ్గుని తిప్పి తిప్పి చూస్తుంటే ఒక్క మాటా రాలేదు. అప్పటికి మీ అమ్మకి నెలలు నిండాయి. ఇంట్లో ఇంకో కారు లేదు. నా డొక్కు వ్యాను ఇచ్చాను. నువ్వు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది ఆ వ్యానులోనే తల్లీ. దారంతా మీ నాన్న నలభై దాటనివ్వలేదు.

అందుకే చెబుతున్నా. పంపూ ఇంజెక్టర్లూ నీకు కావలసినదానికంటే పెద్దవే వేయించు. గాలీ పెట్రోలూ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ గేజ్ కంటి ఎదురుగా ఉండాలి. బూస్ట్‌లో పెట్రోలు ఒత్తిడి పడిపోతే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, తనే పవరు కోసేసేలా పెట్టమని ట్యూనర్‌ని అడుగు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటి రకం, గ్యాప్ కొంచెం తగ్గించి. ఆక్టేన్ అంటే పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె; ట్యూన్ ఏ ఆక్టేన్‌కి చేశారో అదే పొయ్యి, అది దొరకని రోజు బూస్ట్ జోలికి పోకు. పుల్లీ ముట్టుకున్నావో, మన మధ్య మాటల్లేవు.

ఏ రకం కొనాలంటావా? రూట్స్ రకం, ట్విన్ స్క్రూ రకం కిందనుంచే లాగుతాయి, సిటీలో హాయిగా ఉంటాయి. సెంట్రిఫ్యూగల్‌లో ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ బూస్ట్ పెరుగుతుంది, కింద కారు దాదాపు పాత కారులాగే ఉంటుంది. నీ ఇంజిన్ కంప్రెషన్ రేషియో ఎక్కువ, అంటే మిశ్రమాన్ని ముందే గట్టిగా నొక్కుతుంది, కింద బూస్ట్ తక్కువైతే నాకింగ్ భయం తగ్గుతుంది, కాబట్టి నా ఓటు సెంట్రిఫ్యూగల్‌కే. మీ నాన్నని అడిగితే రూట్సే అంటాడు. రూట్స్ సూపర్‌చార్జర్ ఉన్న పాత రేసు కారు బ్లోయర్ బెంట్లీ బొమ్మ గోడకి అంటించుకున్న మనిషి. ఆ కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి సూపర్‌చార్జర్ గిట్టేది కాదని, లె మాన్ 24 గంటల రేసు 1929లోనూ 1930లోనూ గెలిచింది సూపర్‌చార్జర్ లేని స్పీడ్ సిక్స్ అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. బ్లోయర్ కోసం పట్టుబట్టిన రేసర్ టిమ్ బిర్కినే 1929లో ఆ స్పీడ్ సిక్స్ నడిపి గెలిచాడు. సర్లే, ఇది మా ఇద్దరి గొడవ.

ఏ రకమైనా, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉన్న కిట్టే కొను. ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాక బానెట్ కింద అంతా కాలిపోతుంటుంది. రోడ్డు ఖాళీ అయింది కదా అని వెంటనే తొక్కకు, కాసేపు మామూలుగా పోనిచ్చి గాలి తగలనివ్వు. పొద్దున ఆయిల్ వేడెక్కేదాకా బూస్ట్ వద్దు. కొన్ని సూపర్‌చార్జర్లకి సొంత ఆయిల్ ఉంటుంది, అది మార్చాలని చాలామందికి గుర్తే ఉండదు. కొన్ని కార్లలో ఆల్టర్నేటర్, వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతాయి. నీదీ అలాంటిదైతే డిక్కీలో ఒక స్పేర్ బెల్టు, అది మార్చే పానా ఉంచుకో. ఎలా మార్చాలో ఇంటి దగ్గర ఒకసారి నీ చేత్తో చేసి చూడు. చీకట్లో రోడ్డు పక్కన నువ్వొక్కదానివే నిలబడి ఉండటం నా కళ్ల ముందుకి వస్తోంది, అందుకే ఇంత చాదస్తం.

బిగించే వారం పది రోజులు కారు వాళ్ల దగ్గరే ఉంటుందనుకో, ఆఫీసుకి వేరే దారి చూసుకో. తొందరపెడితే వాళ్లు ట్యూన్ దగ్గర తొందరపడతారు.

టెస్ట్ అంకెలు రాగానే ఫోన్ చెయ్యి. పగలైతే మీ అత్త ఎత్తుతుంది, ఆవిడకి ఇంకా ఏమీ చెప్పలేదు. మీ నాన్న కథ నేను చెప్పానని ఇంట్లో అనకు. ఎలాగూ కారు బిగించే రోజున తనే వచ్చి పక్కన నిలబడతాడు, ఆ రోజు నువ్వే అడుగు.

మీ మామయ్య