ఈటన్‌లో ఇల్లుంటే ఈటన్‌లో సీటొస్తుందా?

ఇంగ్లండ్‌లో లండన్ దగ్గరున్న స్లౌలో ఉద్యోగం, అబ్బాయికి తొమ్మిదేళ్లు, పక్క ఊళ్లైన ఈటన్‌లోనో విండ్సర్‌లోనో అద్దెకు దిగితే ఈటన్ కాలేజీ అనే ఆ పెద్ద స్కూల్లో సీటు తేలికవుతుందా అని అడిగారు. కొత్తలో అందరికీ తట్టే ఆలోచనే. నాకూ తట్టింది, ఏడాది అద్దె దండగైంది.

ఈటన్ కాలేజీ పేరుకే కాలేజీ. 1440లో ఆరో హెన్రీ రాజు పెట్టిన మగపిల్లల బడి, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు. అందరూ హాస్టల్లో ఉండాల్సిందే. మీ ఇల్లు గేటు పక్కనున్నా గుంటూరులో ఉన్నా వాళ్లకొకటే.

అసలు సంగతి డబ్బు. ఫీజు ఏడాదికి 63 వేల పౌండ్ల పైమాటే. 2025 జనవరి నుంచి ప్రైవేటు స్కూలు ఫీజుల మీద పడ్డ 20 శాతం వ్యాట్ కలిపి చెబుతున్నాను. లక్ష పౌండ్ల జీతానికి పన్నులు పోను చేతికొచ్చేది దాదాపు 68 వేలు. మిగిలే ఐదు వేలలో అద్దె, కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటి పన్ను, బియ్యం, ఇండియా టికెట్లు. ఇలా ఐదేళ్లు! అంత స్తోమతుంటే మీరు నన్నడిగేవారు కాదు లెండి.

ఆదాయం చూసి తగ్గిస్తారు, పూర్తిగా మాఫీ అయినవాళ్లూ ఉన్నారు. కానీ చదువులో పోటీ పరీక్ష పెట్టి ఎంచుకునే 70 మంది కింగ్స్ స్కాలర్లలో ఒకడైతే చాలు, ఫీజుండదు అనుకోకండి. మనవాళ్లు ఎక్కువ పొరబడేది ఇక్కడే. ప్రభుత్వ బడిలో చదివిన అబ్బాయిలకు 12వ ఇయర్‌లో (ఇక్కడ తరగతిని ఇయర్ అంటారు; ఇది 16 ఏళ్లకు మొదలవుతుంది) ఆర్వెల్ అవార్డు కింద ఉచితంగా సీట్లుంటాయి, కొన్నే. మన బీహార్ మోతీహారీలో పుట్టిన రచయిత జార్జ్ ఆర్వెల్ ఈటన్‌లోనే చదివాడు. 13వ ఏట చేరాలంటే ఐదో ఇయర్‌లోనే పేరివ్వాలి, ఆరో ఇయర్‌లో పరీక్ష. గడువులు స్కూలు సైటులో చూసుకోండి.

ఇల్లు మాత్రం స్లౌలోనే తీసుకోండి. విండ్సర్‌లో ప్రభుత్వ బడులు మూడంచెలు: నాలుగో ఇయర్ దాకా ఫస్ట్ స్కూలు, ఐదు నుంచి ఎనిమిది మిడిల్, ఆపైన అప్పర్. స్లౌ గ్రామర్ స్కూళ్లేమో, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే ప్రభుత్వ బడులు, ఏడో ఇయర్‌లో చేర్చుకుంటాయి. అంటే పిల్లాణ్ని మిడిల్ మధ్యలో పీకాలి. ఆ నాలుగు గ్రామర్ స్కూళ్లకూ ఫీజు లేదు. వాటి ప్రవేశ పరీక్ష లెవెన్ ప్లస్‌కు పేరు ఐదో ఇయర్ వేసవిలోనే ఇవ్వాలి, పరీక్ష ఆరో ఇయర్ సెప్టెంబరులో. పేరివ్వడం మరిచిపోతే ఆ ఏటికి అంతే.

ఈటన్ చూడాలనుంటే ఆదివారం స్లౌ నుంచి రైల్లో విండ్సర్‌కు ఆరు నిమిషాలు. అక్కణ్నుంచి 1970లో కార్లు ఆపేసిన వంతెన మీదుగా థేమ్స్ నది దాటితే ఈటన్ ఊరే.